కాలనీ కోసం మునిసిపాలిటీని ఏం అడగాలి, ఏది ముందు అడగాలి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీది హైదరాబాద్ అంచున, మొన్నటి దాకా పంచాయతీగా ఉండి తర్వాత మునిసిపాలిటీలో కలిసిన ఊళ్లో మూడు వందల ఇళ్ల కాలనీ. కమిషనర్‌కు ఇవ్వడానికి పదకొండు కోరికలతో వినతిపత్రం తయారు చేశారు. వరసగా సీసీ రోడ్లు, కాలనీ ముందు ఆర్చి, పార్కులో ఓపెన్ జిమ్, సీసీ కెమెరాలు, స్పీడ్ బ్రేకర్లు, వీధి దీపాలు, కమ్యూనిటీ హాలు, కుక్కల బెడద, చెత్త, నల్లా నీళ్లు, చివరన వానొస్తే నాలుగో వీధిలో నీళ్లు నిలవడం. వీటిలో ఏవి ముందు పెట్టాలి, ఇచ్చాక పని నిజంగా జరగాలంటే ఏం చేయాలి అని అడిగారు.

నేను మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడున్నన్నాళ్లూ ఇలాంటి అర్జీలు తీసుకున్నాను, ఇప్పుడు మా కాలనీ సంఘం తరఫున రాస్తున్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మీ జాబితాలో పదకొండోది మొదటికి రావాలి. మర్యాద కోసం ఈ మాట అనడం లేదు. నీళ్ల దారి తేలకుండా వేసిన ఏ రోడ్డూ నిలవదు. ముందు రోడ్డు వేయించుకున్న కాలనీల్లో జరిగేది దాదాపు ఒకటే. ఆరు నెలలకు డ్రైనేజీ పైపులైనుకు శాంక్షన్ వస్తుంది, కొత్త సిమెంటు రోడ్డును నడిమధ్యన కోస్తారు, పైపు వేసి మట్టి కప్పి వెళ్లిపోతారు. తర్వాత నల్లా పైపు కోసం మళ్లీ పక్కన కోస్తారు. ఆ అతుకులు కుంగి, వాన నీళ్లన్నీ అక్కడే నిలుస్తాయి. భూమి లోపలి పైపులు, ఆ తర్వాత వరద కాలువ, అన్నిటికన్నా ఆఖరున రోడ్డు. ఈ వరస ఎవరు తప్పించినా, ఎమ్మెల్యే గారే వచ్చి కొబ్బరికాయ కొట్టినా, డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

ఇంకో సంగతి రోడ్డు ఎత్తు. మన ఊళ్లలో ఇళ్లు మునగడానికి ఇదే పెద్ద కారణం, దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తారు. ప్రతిసారీ నాలుగు నుంచి ఆరు అంగుళాలు లేస్తుంది. రెండు మూడుసార్లు అలా జరిగేసరికి ఒకప్పుడు రోడ్డు కంటే మూడు మెట్లు పైనున్న గుమ్మం రోడ్డుతో సమానమవుతుంది. అప్పుడు ఇంటాయన గేటు ముందు సిమెంటు ర్యాంపు కట్టి రెండడుగులు రోడ్డు మీదకు తెస్తాడు. ఆ ర్యాంపు కింద పక్క కాలువ మూసుకుపోతుంది, నీళ్లు ఎదురింట్లోకి వెళ్తాయి. ఏళ్ల తరబడి పలకరించుకున్న రెండు కుటుంబాలు అక్కడితో మాటలు మానేస్తాయి. అందుకే మీ అర్జీలో ఈ వాక్యం తప్పకుండా రాయండి: "పాత రోడ్డును పూర్తిగా తొలగించి, ఇప్పుడున్న మట్టం పెరగకుండా కొత్త రోడ్డు వేయాలి." ఎస్టిమేటులో తవ్వి తీసే పని ఒక ఐటెమ్‌గా ఉంటేనే కాంట్రాక్టరు చేస్తాడు. అక్కడ లేకపోతే పని రోజున మనం ఎంత అరిచినా లాభం లేదు.

మట్టం కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన పారదర్శకమైన లెవల్ పైపు ఉంటుంది. ఒక మేస్త్రీని సగం రోజుకు మాట్లాడుకోండి. నాలుగో వీధి మొదటి ఇంటి ప్రహరీ మీద ఒక గీత పెట్టించి, అదే మట్టాన్ని ఇంటింటికీ, చివర కల్వర్టు దాకా తీసుకుపొమ్మనండి. ఆ గీత నుంచి కిందకు రోడ్డు ఎంత లోతుందో ప్రతి గేటు దగ్గర టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. నీళ్లు నిలిచే చోట రోడ్డు కుంగి ఉందా, లేక కల్వర్టే వీధి కంటే ఎత్తులో ఉందా అన్నది ఆ కాగితంలో తేలిపోతుంది. ఈ రెండూ ఒకటి కాదు. మొదటిదైతే రోడ్డు సరిచేస్తే చాలు. రెండోదైతే ఎన్ని రోడ్లు వేసినా అంతే, కల్వర్టు మార్చాల్సిందే. వాన పడ్డ రోజు నీళ్లు ఎంత దాకా వచ్చాయో గోడ మీద పెయింటుతో గుర్తు పెట్టి, తేదీ రాసి, ఫొటో తీయండి. వాన ఆగాక ఎన్ని గంటలకు నీళ్లు పోయాయో కూడా రాయండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరకు ఇలాంటి కాగితంతో వెళ్లే కాలనీలు చాలా తక్కువ. తీసుకెళ్తే ఆయనకు సగం పని తగ్గుతుంది, మీ ఫైలు పైకి వస్తుంది.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న, మీ వీధిలోంచి బయటపడ్డ నీళ్లు ఎక్కడికి పోవాలి? మన తెలంగాణలో ఈ ప్రశ్నకు జవాబు చాలా చోట్ల కాకతీయుల నాటి నుంచీ ఉంది. గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీళ్లు వాగులోంచి కింది చెరువుకు చేరతాయి. మీ కాలనీ పాత పొలాల మీద లేచి ఉంటుంది కాబట్టి ఆ రెండు చెరువుల మధ్య ఎక్కడో ఉంటుంది. రెవెన్యూ గ్రామ నక్షా తీసుకుని చూడండి, కాలువ గీత కనిపిస్తుంది. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) పటాలను హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ తన వెబ్‌సైటులో కూడా పెట్టింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న వాటికి 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. మీ కాలనీ కింద ఎవరో ఒకరు ఆ రెండు మీటర్లలో ప్రహరీ కట్టి ఉంటే, మీ నాలుగో వీధి నీళ్లకు కారణం ఆ గోడ కావచ్చు.

నాలా మీద కట్టడాల సంగతి చెప్పేటప్పుడు నాకు కొంచెం ఆవేశం వస్తుంది, క్షమించండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల మందిని బలి తీసుకున్నాక, విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. నది సంగతి అలా చూసుకున్నారు గానీ, ఊరి లోపలి నాలాల సంగతి తర్వాతి వాళ్లం వదిలేశాం. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడి కాలనీలకు కాలనీలే మునిగాయి. ఆ తర్వాత కిర్లోస్కర్ కమిటీ నాలాల మీద నివేదిక ఇచ్చింది. 2020 అక్టోబరులో మళ్లీ మునిగాం. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వాళ్లు రోజుల తరబడి మేడల మీదే ఉన్నారు. వాన ఎక్కువ పడటం మన చేతుల్లో లేదు. అది పోయే దారిలో గోడ కట్టకుండా ఉండటం మన చేతుల్లోనే ఉంది.

పూడిక తీయడం ప్రతి ఏడాదీ ఏప్రిల్, మే నెలల్లో జరగాలి. జూన్ మొదటి వానకు ముందే అయిపోవాలి. దీని కోసం అర్జీ ఫిబ్రవరిలోనే పెట్టండి. పని జరిగే రోజున ఒకరు వెళ్లి చూడాలి. తీసిన పూడికను కాలువ గట్టు మీదే పోసి వెళ్లిపోతే, మొదటి వానకే అదంతా మళ్లీ లోపలికి జారుతుంది. గట్టు మీద ఆరబెట్టి రెండు మూడు రోజుల్లో లారీలో తీసుకెళ్లే బాధ్యత కాంట్రాక్టరుదేనని ఏఈతో ముందే మాట్లాడుకోండి.

ఇక పార్కు. మీ జాబితాలో ఓపెన్ జిమ్ అడిగారు, కానీ పార్కు స్థలం ఇప్పుడు ఎవరి పేరున ఉందో రాయలేదు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదిలి, దాన్ని గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసివ్వాలి. మీది పంచాయతీ కాలం నాటి లేఅవుట్ అయితే కాగితం మీద పార్కు అని గీసి ఉంటుంది, రిజిస్ట్రేషన్ మాత్రం జరిగి ఉండకపోవచ్చు. చాలా చోట్ల ఆ స్థలానికే బై నంబర్లు (పాత నంబరును విడగొట్టిన ఉప నంబర్లు) వేసి ప్లాట్లుగా అమ్మేశారు. అందుకే ముందు అసలు లేఅవుట్ కాపీ సంపాదించండి. పంచాయతీ రికార్డులు మునిసిపాలిటీకి వచ్చి ఉంటాయి, లేదంటే పట్టణ ప్రణాళిక శాఖ డీటీసీపీలోనో హెచ్‌ఎండీఏలోనో దొరుకుతుంది. ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. గిఫ్ట్ డీడ్ లేకపోతే అది చేయించడమే మీ మొదటి కోరిక. రెండోది చుట్టూ ఫెన్సింగు, "మునిసిపాలిటీ స్థలం" అని బోర్డు. జిమ్ సామాను ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, స్థలం ఒకసారి పోతే కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేయడానికి 2020లో వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో, ఖాళీ స్థలం వదలని లేఅవుట్ల ప్లాట్లకు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలు పెట్టారు. మీ కాలనీ వాళ్లు కట్టి ఉంటే ఆ రసీదులు జాగ్రత్త చేయండి. మీకు పార్కు అడిగే హక్కుకు అవే బలమైన కాగితాలు.

చెట్ల విషయంలో ఒక మాట. 2019 మునిసిపల్ చట్టం ప్రకారం మునిసిపాలిటీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. అంటే డబ్బు ఉంది, ఏ మొక్కలు అడగాలన్నదే మీ చేతిలో ఉన్నది. నిటారుగా పచ్చగా కనిపిస్తాయని కోనోకార్పస్ పెట్టించుకోకండి. దాని వేర్లు పైపులు పట్టుకుంటాయి, నీడా రాదు. కానుగ, వేప, పొగడ అడగండి. కానుగ ఎండాకాలంలో కొత్త చిగురుతో చక్కటి నీడనిస్తుంది, పెద్దగా నీళ్లు అడగదు. కరెంటు తీగల కింద మాత్రం ఎత్తు పెరిగేవి వద్దు, ఏడాది తిరక్కుండానే విద్యుత్ సిబ్బంది కొమ్మలు నరికి మొండెం మిగులుస్తారు. చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు పోయనివ్వకండి.

స్పీడ్ బ్రేకర్ల గురించి కూడా మీ ఆలోచన కాస్త మార్చుకోవాలి. ఇప్పుడు మన వీధుల్లో ఉన్నవి అడుగు వెడల్పు, ముప్పావు అడుగు ఎత్తు గడ్డలు. బండి మీద వెనక కూర్చున్న ముసలామె నడుము విరగడానికి తప్ప దేనికీ పనికిరావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన తెల్ల చారలు, ముందు హెచ్చరిక బోర్డు. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో వెళ్లే బండికి దాంతో ఇబ్బంది ఉండదు. కాబట్టి ఆ కొలత రాసి అడగండి. అదీ బడి దగ్గర, మెయిన్ రోడ్డులో కలిసే చోట, అంతే. ప్రతి ఇంటి ముందూ ఒకటి కావాలని పోటీ పడితే అంబులెన్సు లోపలికి రావడానికి కష్టమవుతుంది.

దీనికి బదులు నేను నడక దారి అడుగుతాను. మీ పదకొండులో ఫుట్‌పాత్ అనే మాటే లేదు. కాలనీ అంతటా ఫుట్‌పాత్ అడిగితే ఎక్కడా రాదు, కాబట్టి ఒక్క దారి ఎంచుకోండి. కాలనీ నుంచి బస్టాపుకు, బడికి వెళ్లే దారి. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీలో ప్రయాణం ఉచితమయ్యాక బస్టాపు దాకా నడిచేవాళ్లు బాగా పెరిగారు. ఆ దారిలో 1.8 మీటర్ల వెడల్పున అడ్డం లేని ఫుట్‌పాత్, ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకుండా, ప్రతి సందు దగ్గర చక్రాల కుర్చీ దిగే వాలుతో ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అడ్డం ఉంటే దాన్ని పక్కకు జరిపే ఎస్టిమేటు విద్యుత్ సంస్థ వేయాలి, డబ్బు మునిసిపాలిటీ కట్టాలి. వీధి దీపాలు కూడా ముందు ఆ దారికే అడగండి. రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చే అమ్మాయి ఎక్కడ భయపడుతుందో ఆ స్తంభం నంబరు రాసి ఇవ్వండి. "కాలనీలో లైట్లు సరిగా వెలగడం లేదు" అని రాస్తే ఏ లైటూ వెలగదు.

ఇలాంటి సంగతులు మీ సంఘం మీటింగులో ఎందుకు రాలేదంటే, అక్కడికి వచ్చేది ఎక్కువగా ఇంటి ఓనర్లు, అందులోనూ మగవాళ్లు, అందులోనూ కారున్నవాళ్లు. మీ కాలనీ అని కాదు, నేను చూసిన ప్రతి చోటా ఇంతే. అద్దెకున్నవాళ్లను పిలవరు. వాచ్‌మన్ కుటుంబాలను, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లను ఎవరూ అడగరు. కానీ కాలనీలో రోజంతా నడిచేది వాళ్లే. ఏ మ్యాన్‌హోల్ మూత కదులుతుందో, ఏ నల్లా ఎన్నింటికి వస్తుందో, ఏ మలుపులో తాగుబోతులు కూర్చుంటారో వాళ్లకు తెలిసినట్టు అధ్యక్షుడికి తెలియదు. వినతిపత్రం ఇచ్చే ముందు ఒక ఆదివారం పొద్దున్న ఓ పది మందితో కాలనీ అంతా కాలినడకన తిరగండి. అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ఒక పెద్దాయన ఉండాలి, బడికెళ్లే పిల్లలు ఒకరిద్దరు ఉండాలి. ఎక్కడ ఆగాల్సి వచ్చిందో అక్కడ రాసుకోండి. మీ జాబితా తప్పకుండా మారుతుంది.

చెత్త, కుక్కలు రెండు వేర్వేరు కోరికలుగా రాశారు. అది ఒకే సమస్య. మాంసం దుకాణం వ్యర్థాలు, టిఫిన్ సెంటరు మిగుళ్లు ఒక మూల పడుతున్నంత కాలం కుక్కలు అక్కడే గుంపు కడతాయి. వాటిని పట్టి దూరంగా వదిలేయమని అడిగితే నిబంధనలు ఒప్పుకోవు. ఆపరేషన్ చేసి, టీకా వేసి తెచ్చిన చోటే వదలాలి. కాబట్టి ఆపరేషన్ల బృందాన్ని పంపమని వెటర్నరీ విభాగానికి, ఆ చెత్త మూలను ఎత్తివేయమని శానిటరీ ఇన్‌స్పెక్టరుకు ఒకే రోజు అర్జీ ఇవ్వండి. తడి, పొడి చెత్త వేరు చేయడం మనవాళ్లకు అలవాటు కాదనే మాట నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్ల కిందటే సూర్యాపేట, బొబ్బిలి లాంటి చిన్న పట్టణాలు చేసి చూపించాయి. సూర్యాపేటలో ఇంటికి రెండు బుట్టలు ఇచ్చి, తడి చెత్తతో ఎరువు చేసి, పొడి చెత్త అమ్మారు. అక్కడ పని చేయించింది బండి రోజూ ఒకే వేళకు రావడం. మీ దగ్గర స్వచ్ఛ ఆటో ఎన్నింటికి వస్తుందో తెలియక, ఆఫీసుకు వెళ్లేవాళ్లు సంచి మూలన పడేసి పోతున్నారు. అందుకని టైము కచ్చితంగా కావాలని రాయండి, పొద్దున్న ఏడున్నరలోపు అయితే ఇంకా మంచిది.

ఆర్చి తీసేయండి. కమ్యూనిటీ హాలు స్థలం తేలాక చూద్దాం. కెమెరాలు మునిసిపాలిటీ పని కాదు, మీ పోలీస్ స్టేషన్‌లో "నేను సైతం" కింద కాలనీ వాళ్లే డబ్బు వేసుకుని పెట్టించుకోవచ్చు.

మీరు రాయలేదు గానీ, చాలా సంఘాలు తోపుడు బళ్లను తీసేయించమని అడుగుతాయి. దయచేసి ఆ పని చేయకండి. సాయంత్రం కూరగాయల బండి, మూల మీద ఇస్త్రీ బండి, మిర్చి బజ్జీల బండి ఉన్న వీధిలో మనుషుల అలికిడి ఉంటుంది, ఆడవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతం సభ్యులు వ్యాపారులే కావాలి, జోన్లు గుర్తించాలి. ట్రాఫిక్‌కు అడ్డం వస్తుంటే వాళ్లకు పక్కన చోటు చూపించమని అడగండి.

ఇప్పుడు అర్జీ ఎలా రాయాలో చెబుతాను. పదకొండు కోరికలు ఒకే కాగితం మీద రాస్తే, కమిషనర్ ఆఫీసులో ఆ కాగితం ఏ సెక్షనుకు పంపాలో తేలక ఒక క్లర్కు దగ్గర ఆగుతుంది. ఒక్కో విభాగానికి ఒక్కో కాగితం రాయండి. లోపలి రోడ్లు, వరద కాలువలు మునిసిపాలిటీ ఇంజనీరింగ్‌కు. నల్లా నీళ్లు, మురుగు పైపులు మీరు ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉంటే జలమండలికి. మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారుల వాళ్లదా కనుక్కోండి. చెరువు కట్ట, తూము, అలుగు నీటిపారుదల శాఖకు. భూమి హద్దు తహసీల్దారుకు. అన్ని కాగితాల నకళ్లు మాత్రం కమిషనర్‌కు, వార్డు ప్రతినిధికి ఇవ్వండి.

వాక్యం ఎలా ఉండాలంటే, "మా కాలనీలో డ్రైనేజీ సమస్య తీవ్రంగా ఉంది, తగు చర్యలు తీసుకోగలరు" అని కాదు. ఉదాహరణకు ఇలా రాయండి: "నాలుగో వీధిలో మొదటి ఇంటి నుంచి కల్వర్టు దాకా 140 మీటర్లు. కల్వర్టు అడుగు మట్టం వీధి మట్టం కంటే 20 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. ఓ మోస్తరు వానకే పన్నెండు ఇళ్ల ముందు నీళ్లు నాలుగు గంటలు నిలుస్తున్నాయి. కొలతలు, ఫొటోలు జత చేశాం. కల్వర్టు దించి పెద్దది చేయడానికి ఎస్టిమేటు తయారు చేయాలని కోరుతున్నాం." ఇలా రాస్తే ఏఈ దాన్ని పక్కన పెట్టలేడు. ఎస్టిమేటు అనే మాట ముఖ్యం. చర్య అనే మాటకు ఆఫీసులో ఏ ఫైలూ తెరుచుకోదు, ఎస్టిమేటు అనే మాటకు తెరుచుకుంటుంది.

సమయం కూడా చూసుకోండి. బడ్జెట్ సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి పనుల జాబితాలు నవంబరు, డిసెంబరు నాటికే కదులుతాయి. మీ కొలతల కాగితం అక్టోబరుకల్లా ఏఈ చేతిలో ఉండాలి. మార్చిలో ఇచ్చిన అర్జీకి "వచ్చే ఏడు చూద్దాం" అనే జవాబు వస్తుంది, అది తప్పించుకునే మాట కూడా కాదు, నిజంగా అప్పటికి డబ్బు పంచడం అయిపోతుంది. నిధులు ఎక్కడివో కూడా అడిగి తెలుసుకోండి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి చిన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలనే షరతు పెట్టింది. ఇలాంటి షరతులున్న పద్దులో ఆర్చికి చోటు ఉండదు, కాలువకు ఉంటుంది.

కాగితం ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబరు తీసుకోకుండా వెనక్కి రాకండి. నెల దాటినా కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో అదే నంబరుతో మళ్లీ ఇవ్వండి. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, కారణాలు చెప్పమంటే సమాచారం కిందకు రాదని తిప్పి పంపుతారు. ఫలానా నంబరు అర్జీ మీద నోట్ ఫైలు కాపీ, ఎస్టిమేటు కాపీ, పని జరిగి ఉంటే ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీల కాపీ అడగండి. ఎం-బుక్‌లో రోడ్డు మందం, పొడవు, ఎంత సొమ్ము చెల్లించారో అన్నీ ఉంటాయి. కాంట్రాక్టు ఒప్పందం కాపీ కూడా తీసుకుంటే, రోడ్డు ఎన్నాళ్లలోపు పగిలితే కాంట్రాక్టరు తన ఖర్చుతో బాగుచేయాలో తెలుస్తుంది. ఆ గడువు ఎవరూ అడక్కపోవడం వల్లే చాలా రోడ్లకు ఉచితంగా జరగాల్సిన మరమ్మతు జరగకుండా పోతోంది.

వార్డు కమిటీల సంగతి మర్చిపోకండి. రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ నుంచి అమల్లో ఉంది, ఊరి ప్రణాళికలో పౌరులకు చోటు ఉండాలన్నదే దాని ఉద్దేశం. తెలంగాణ 2019 చట్టంలో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో పదిహేను మంది ఉండాలని రాశారు. మీ వార్డులో ఆ పేర్లు ఎవరివో అడగండి. కమిటీలు వేసే సమయంలో మీ కాలనీ నుంచి కనీసం ఇద్దరు ఆడవాళ్లు, ఒక పెద్దాయన పేర్లు రాతపూర్వకంగా ఇవ్వండి.

చివరగా మాస్టర్ ప్లాన్. 2013లో వచ్చిన హెచ్‌ఎండీఏ 2031 ప్లాన్‌లో మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, మీ కాలనీ మీదుగా వంద అడుగుల రోడ్డు గీత ఏదైనా వెళ్తోందో ఇప్పుడే చూసుకోండి. కొత్త ముసాయిదా ఎప్పుడు వచ్చినా అభ్యంతరాలకు గడువు ఇస్తారు, ఆ గడువులోనే రాయాలి. కామారెడ్డిలో ముసాయిదా వచ్చాక తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో చూపారని రైతులు రోడ్డెక్కారు, అభ్యంతరాలు కట్టలు కట్టలుగా ఇచ్చారు. ఒక రైతు ప్రాణం కూడా పోయింది. 2023 జనవరిలో అక్కడా, జగిత్యాలలోనూ కౌన్సిళ్లు ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేశాయి. అంత దాకా రావాల్సిన అవసరం లేకుండానే, ప్లాన్ గీసే ముందే పొలాల వాళ్లనూ కాలనీల వాళ్లనూ కూర్చోబెట్టి అడిగి ఉండాల్సింది. ముసాయిదా పటం నోటీసు బోర్డు మీద కనపడిన రోజే ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెట్టే బాధ్యత ఎవరికైనా ఒకరికి అప్పగించండి.

పని మొదలయ్యాక రోజూ ఇద్దరు దగ్గరుండాలి. సీసీ రోడ్డుకు మధ్య నుంచి అంచుకు మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల వాలు ఉండాలి, లేకపోతే నీళ్లు పక్క కాలువకు వెళ్లవు. పోసిన మర్నాటి నుంచి కనీసం రెండు వారాలు గోనెలు కప్పి తడపాలి. ట్యాంకరు రాని రోజున మీ మోటారు పెట్టి తడపండి, ఆ రోడ్డు మీ పిల్లలు నడిచేది.

లేఅవుట్ కాపీ, ఈసీ చేతికొచ్చాక పార్కు సర్వే నంబరులో బై నంబర్లు కనిపిస్తే, మనుషుల పేర్లు తీసేసి ఆ వివరాలు ఇక్కడే రాయండి. గిఫ్ట్ డీడ్ ఉన్నప్పుడు ఒక దారి, లేనప్పుడు ఇంకో దారి. కాగితం చూశాక ముందు ఏ ఆఫీసుకు వెళ్లాలో చెబుతాను. లెవల్ పైపు కొలతలు కూడా పెడితే కల్వర్టు సైజు ఎంత అడగాలో లెక్క వేసి ఇస్తాను.